పేరు లేని మాత్ర

మా రాయకోట కొండ దూరానికి చిన్నగానే కనిపిస్తుంది. ఎక్కేవాడికే తెలుస్తుంది దాని సంగతి. 1791లో మైసూరు యుద్ధంలో మేజర్ గౌడీ పటాలం ఈ దుర్గాన్ని పట్టుకుందంటారు. వాళ్ల గుండెల్లో స్టెంట్లు లేవు లెండి! సంక్రాంతికి వచ్చిన మేనల్లుడు పట్టుబడితే నేనూ పైదాకా ఎక్కి దిగాను. మర్నాటికి తొడలు బిగుసుకుపోయాయి, మోకాళ్లు వంగనన్నాయి.

స్టెంటు వేసిన మూడేళ్లుగా నాకు రాత్రి అటోర్వాస్టాటిన్, ఆస్పిరిన్, పొద్దున్నే బీపీ మాత్ర. ఇవేవీ మందుల షాపులో చెప్పలేదు. "ఇది ఏసుకోండన్నా, పొద్దునకి పోతాది" అని కుర్రవాడు నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చాడు. కత్తెర సరిగ్గా పేరు మీదే పడింది. సంతకం లేని వోచరును ముట్టుకోని బ్యాంకు ఉద్యోగిని, పేరు లేని మాత్రను మింగేశాను. హాయిగా ఉందని మళ్లీ వెళ్లి ఇంకో ఆరు తెచ్చుకున్నాను.

ఐదో రోజుకు పాదాలు వాచాయి. బీపీ చూపిస్తే 170/100. మా బావ ఫోనులోనే తీర్పు చెప్పేశాడు: "ఒళ్లు నొప్పులన్నీ ఆ కొలెస్టరాల్ మాత్రవల్లేనయ్యా, ముందు దాన్ని ఆపు." రెండు రాత్రులు ఆపాను కూడా. అది కనిపెట్టి మా ఆవిడ, మాత్రలన్నీ ఒక సంచిలో వేసి నన్ను హోసూరు డాక్టరు దగ్గరికి బయలుదేరదీసింది.

ఆయన సంచి బల్లమీద బోర్లించి, మిగిలిన ముక్క చూసి డైక్లోఫెనాక్ అని తేల్చారు. దానికీ స్టాటిన్‌కూ నేరుగా పెద్ద తగాదా లేదట. చిక్కంతా పక్కనున్నవాటితోనే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి మందులు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెట్టి బీపీ పెంచుతాయి, బీపీ మాత్ర పనిని చెడగొడతాయి, మూత్రపిండాలను నొక్కుతాయి. గుండె జబ్బున్నవారికి గుండెపోటు ముప్పూ పెంచుతాయి. ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. ఐబుప్రొఫెన్ మరీ గడుసుది. ఆస్పిరిన్ కూర్చోవలసిన చోట తానే ముందు కూర్చుని దాన్ని పని చేయనివ్వదు. స్టాటిన్ వాడే మనలాంటివారికి బీపీయో, షుగరో, గుండె జబ్బో తోడుంటూనే ఉంటాయి కదా.

నాకు పారాసెటమాల్ మంచిదన్నారు. పెద్దవాళ్లకైనా రోజుకు 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాములవి ఎనిమిది, దాటకూడదు. కాలేయం బాగులేనివారికీ, తాగుడు అలవాటున్నవారికీ ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుంది కాబట్టి ఒకే పద్దు రెండుసార్లు పడకుండా చూసుకోవాలి.

"మూత్రం నల్ల టీ రంగులో వచ్చిందా?" అని అడిగారు. లేదన్నాను. స్టాటిన్‌వల్ల కండరాలు నిజంగా దెబ్బతినడం అరుదేనట. అలా జరిగితే ఆ రంగు కనిపిస్తుంది. క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్ అటోర్వాస్టాటిన్‌తో కలిస్తే ఆ ముప్పు పెరుగుతుంది. అనుమానం తీరడానికి సీకే అనే రక్తపరీక్ష చేయించారు, బాగానే ఉంది. నా తొడలది కొండ నొప్పేనన్నమాట. 2020లో లండన్ ఇంపీరియల్ కాలేజీవారు, బాధలవల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ ఇవ్వకుండా చూశారు. అసలు మాత్రతో వచ్చిన బాధలో తొంభై శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చిందట. మిగతా పది శాతం నిజమే అనుకోండి. అది తేల్చవలసింది మాత్రం మా బావ కాదు. స్టెంటున్నవాడు చెప్పకుండా స్టాటిన్ మానడం డైక్లోఫెనాక్ కంటే పెద్ద తప్పని డాక్టరుగారు కాస్త గట్టిగానే చెప్పారు.

ఆ రాత్రినుంచే మళ్లీ మొదలుపెట్టాను. వారంలో వాపు తగ్గింది. మాత్రల పేర్లన్నీ ఒక చీటీమీద రాసి పర్సులో పెట్టుకున్నాను.

ఈ కథంతా చెబితే మా బావ చాలాసేపు మాట్లాడలేదు. "నేను మానేసి ఆర్నెల్లయిందయ్యా," అన్నాడు చివరికి. ఆదివారం ఆయన్నూ, ఆయన సంచినీ హోసూరు తీసుకెళుతున్నాను.