కర్పూరం వాసన

నా ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు ఇప్పుడు సగానికి మించి ముడుచుకోవు. వాటి మీద చర్మం నా తొడ నుంచి తీసి అతికించింది. ఒక పాత డ్రమ్ముకి దాని అసలు రూపు తిరిగి తెద్దామని కూర్చున్న రోజు ఇది జరిగింది. తప్పు నాదే. ఆ తప్పు ఏమిటో, ఎందుకు చేశానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మాది గుడివాడ దగ్గర పల్లె. నాన్న పెళ్ళిళ్ళకి వెళ్ళే బ్యాండు మేళంలో సైడు డ్రమ్ము వాయించేవాడు. పట్టా మెడకి తగిలించుకుని డ్రమ్ముని ఎడమ తొడ మీదికి ఏటవాలుగా వదిలేవాడు. కుడి చేతి కర్రని సుత్తి పట్టినట్టు పట్టేవాడు. ఎడమ చేతి కర్ర మాత్రం అరచెయ్యి పైకి తిరిగి, బొటనవేలి సందులో ఇరుక్కుని, ఉంగరపు వేలి మీద ఆనేది. ఆ పట్టు నాకు చిన్నప్పుడే నేర్పాడు. శ్రావణ మాసం పెళ్ళిళ్ళలో చెమ్మకి తోలు వదులైపోతే డ్రమ్ముని పెట్రోమాక్సు లైటు పక్కన పెట్టి వెచ్చబెట్టేవాడు. డప్పుల వాళ్ళు పక్కనే గడ్డి మంట వేసుకుని డప్పులు కాచుకునేవాళ్ళు. వేడి తగిలితే గొంతు పెరుగుతుందని తప్ప, డ్రమ్ముకి వేడి వల్ల చేటు ఉంటుందని మా ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు.

నాన్న వాయించిన డ్రమ్ము ఆయనది కాదు, బ్యాండు యజమానిది. ఆయన పోయాక చేతిలో పెట్టుకోవడానికి నాకు ఒక జత కర్రలు తప్ప ఏమీ మిగల్లేదు. షికాగో చుట్టుపక్కల ఇరవై ఏళ్ళుగా ఉద్యోగం చేసుకుంటూ, పాత డ్రమ్ముల మీద ఇష్టం పెంచుకోవడానికి కారణం అదే.

షికాగో దగ్గర్లోని అరోరాలో ఒక ముసలావిడ పోయాక ఆ ఇంటి సామాను అమ్మకానికి పెట్టారు. బేస్‌మెంటులో, పెయింటు డబ్బాల వెనకాల, ముదురు మెరూన్ రంగు గోడ పెయింటు దళసరిగా పూసిన స్నేర్ డ్రమ్ము కనిపించింది. పద్నాలుగు అంగుళాల వెడల్పు, ఆరున్నర లోతు. తోలుని బిగించే లగ్‌ల మీద కూడా పెయింటే. గాలి రంధ్రం చుట్టూ ఉబ్బెత్తుగా ఏదో తగిలితే గోటితో గీకాను. మబ్బు ఆకారంలో ఇత్తడి బిళ్ళ బయటపడింది. అది స్లింగర్‌లాండ్ కంపెనీ బిళ్ళ. షికాగోలో 1325 బెల్డెన్ అవెన్యూలో ఉండేది ఆ కంపెనీ. నా చేతిలో ఉన్నది వాళ్ళ రేడియో కింగ్. డ్రమ్మరు జీన్ క్రూపా 1938 జనవరి 16న బెన్నీ గుడ్‌మన్ జాజ్ బృందంతో కార్నెగీ హాల్లో వాయించిన రకం. దాని షెల్, అంటే గుండ్రటి చెక్క చట్రం, పొరలు అతికించి చేసింది కాదు. ఒకే మేపుల్ పలకని ఆవిరికి మెత్తబరిచి గుండ్రంగా వంచుతారు. లోపల వేలితో తడిమితే పలక కొసలు రెండూ కలిసే చోటు తెలుస్తుంది.

పెయింటు పెచ్చు లేచిన చోట గోరంత మేర తెల్లటి ముత్యపు మెరుపు కనిపించింది. వైట్ మెరైన్ పెర్ల్ అంటారు దాన్ని. ఆ కాలంలో డ్రమ్ములకి చుట్టిన రేకుల్లో, అంటే ర్యాపుల్లో, అందరూ గుర్తుపట్టేది. ముత్యపు చిప్ప లోపలి వైపు చూసినట్టుంటుంది. ఆ గోరంత తెలుపు చూశాక నాకు నిద్ర పట్టలేదు.

పాత డ్రమ్ముల సంగతి తెలిసినవాళ్ళందరూ ఒప్పుకునే మాట ఒకటుంది. అసలు ర్యాపు ఎంత పసుపెక్కినా, ఎంత గీతలు పడినా, దాన్ని ఊడబీకి కొత్తది చుట్టకూడదు. కొత్త ర్యాపు చుట్టిన రేడియో కింగ్ విలువ పడిపోతుంది. డబ్బు సంగతి అటుంచి, ఎనభై ఏళ్ళ కింద ఎవరో చేత్తో అతికించిన రేకు అది. పైన పూసిన పెయింటు పోవాలి, కింది రేకు నిలవాలి. నేను పెట్టుకున్న పని ఇంతే.

పెయింటు తీసే ద్రావకాలు వాడకూడదని నాకు తెలుసు. అసిటోన్ చుక్క పడితే పాత ర్యాపు జిగురులా కరుగుతుంది. ప్లాస్టిక్ పలకతో మెల్లగా గీకాలి, నెలలు పట్టేటట్టుంది. ర్యాపులు ఊడదీసేవాళ్ళు జిగురు మెత్తబడటానికి హీట్ గన్ వాడతారని ఎక్కడో విన్నాను. జిగురు మెత్తబడేంత వేడి కాకుండా, పెయింటు మెత్తబడేంత వేడి చాలు కదా అనుకున్నాను. ఆ రేకు దేనితో చేసిందో కనుక్కోవాలని మాత్రం తోచలేదు.

ఫిబ్రవరి, శనివారం మధ్యాహ్నం. బయట మంచు, సున్నాకి బాగా కింద చలి. అందుకని గరాజు తలుపు మూసేశాను. మూల కిటికీ రెండు వేళ్ళ సందు తెరిచాను. హూపులు, లగ్‌లు, స్ట్రైనరు లాంటి బయటి భాగాలన్నీ విప్పి పక్కన పెట్టాను. షెల్ ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చెయ్యి లోపలి నుంచి ఆనించి, కుడి చేత్తో హీట్ గన్ పట్టుకున్నాను. ముందు దూరం నుంచి, తక్కువ వేడి మీద. పెయింటు మెత్తబడి ప్లాస్టిక్ పలకకి పొరలు పొరలుగా వచ్చేసింది. పావుగంటలో అరచేయంత మేర శుభ్రమైంది. లేత పసుపెక్కిన ముత్యపు రేకు, మీగడ రంగు. దాని మీద చెయ్యి పెడితే వెచ్చగా, నునుపుగా ఉంది.

అప్పుడు వచ్చింది కర్పూరం వాసన. మా అమ్మ శుక్రవారం సాయంత్రం హారతి పళ్ళెం వెలిగించబోయే ముందు బిళ్ళ చిదిపినప్పుడు వచ్చే వాసన. ఇంత చలిదేశంలో, ఎవరిదో డ్రమ్ములోంచి, మా ఇంటి దేవుడి గూడు వాసన. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. నాన్నే పలకరించినట్టు అనిపించింది. ఎందుకొస్తోందని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే గన్ కట్టేసి ఉండేవాణ్ణి.

వాసనకి ధైర్యం వచ్చి వేడి పెంచాను. ర్యాపు కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కే అతుకు దగ్గర పెయింటు మందంగా ఉంది. అక్కడ గన్ కాస్త ఎక్కువసేపు ఆపాను. ముందు బుడగ లేచింది. తర్వాత బుస్సుమని పసుపు మంట. మామూలుగా మంట చిన్నగా మొదలై పాకుతుంది కదా, ఇది పాకలేదు. అగ్గిపుల్లల పెట్టె మొత్తం ఒక్కసారి అంటుకున్నట్టు అతుకు పొడవునా లేచింది. దగ్గరున్న తడి తువ్వాలు వేసి అదిమాను. తువ్వాలు కిందే మండింది. అదిమిన చెయ్యి ఎడమది. కరిగిన రేకు తువ్వాలు అంచులోంచి వేళ్ళకి అంటుకుంది.

గోడ మీద మీట నొక్కి తలుపు లేపి, షెల్‌ని కాలితో తన్ని మంచులోకి దొర్లించాను. అక్కడ కూడా కొద్దిసేపు మండింది. తలుపు పూర్తిగా లేచేలోగా గరాజు నిండా గోధుమ రంగు కలిసిన పసుపు పొగ. దాన్ని నాలుగైదు సార్లు పీల్చాను. గొంతు మండింది, దగ్గు వచ్చింది, తగ్గింది.

నా భార్య చెయ్యి చూసి ఏడుస్తూ దగ్గర్లోని అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్ళింది. పొగ పీల్చారా అని అడిగారు. ప్లాస్టిక్ కాలింది, కొంచెం పీల్చాను, ఇప్పుడు బాగానే ఉంది అన్నాను. చేతికి కట్టు కట్టి పంపించారు. కాలిన వస్తువు ఏమిటో నాకే తెలియదు, వాళ్ళకేం చెప్పను?

రాత్రి పదకొండు దాటాక పడుకుంటే ఊపిరి అందలేదు. లేచి కూర్చున్నాను. దగ్గితే నురగ వచ్చింది. మా అబ్బాయి గదిలోంచి వచ్చి, "నాన్నా, నీ పెదాలు నీలంగా ఉన్నాయి" అని అంబులెన్సు కోసం 911కి ఫోన్ చేశాడు. వాడప్పుడు పదహారేళ్ళవాడు. వాడు ఆ రాత్రి మేలుకుని ఉండకపోతే ఈ వ్యాసం ఉండేది కాదు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మొదట అడిగింది, పొగ రంగేమిటని. చెప్పాను. మా అబ్బాయి ఫోనులో ఉన్న డ్రమ్ము ఫోటో చూపించాడు. కాలిన వస్తువులోంచి నైట్రోజన్ ఆక్సైడ్ల వాయువులు వచ్చి ఉంటాయని, అవి పీల్చిన వెంటనే పెద్దగా ఏమీ చెయ్యవని, గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు చేరుస్తాయని చెప్పింది. మూడు రోజులు ఆక్సిజన్, స్టెరాయిడ్లు. ఇంటికి పంపాక కూడా కొన్ని వారాల పాటు పరీక్షలకి రమ్మంది, ఈ వాయువులు, జబ్బు తగ్గిపోయిందనుకున్నాక, ఊపిరి గొట్టాలని మళ్ళీ దెబ్బతీయగలవు కనుక. నా అదృష్టం, అంతదాకా పోలేదు. చెయ్యి మాత్రం రెండు ఆపరేషన్లు చూసింది.

ఆసుపత్రి మంచం మీద కుడి చేత్తో ఫోను పట్టుకుని, రేకు గురించి చదవాల్సినదంతా అప్పుడు చదివాను. ఆ రోజుల్లో డ్రమ్ముల మీది ముత్యపు రేకు సెల్యులాయిడ్. నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపి చేస్తారు. పెళుసు పోయి మెత్తగా వంగడానికి కర్పూరం. 1870ల నుంచి దువ్వెనలు, చొక్కా కాలర్లు, తర్వాత పింగ్‌పాంగ్ బంతులు, సినిమా రీళ్ళు అన్నీ దీంతోనే చేశారు. కాలడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంది కాబట్టి తడిగుడ్డ వేసి గాలి ఆపినా ఆరదు. నీళ్ళలో ముంచినా మండగలదు. దాదాపు 170 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర తనంతట తనే అంటుకుంటుంది, పాతబడి చెడినదైతే ఇంకా ముందే. హీట్ గన్ మూతి దగ్గర వేడి 500 డిగ్రీలు దాటగలదు.

క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 1929 మే 15న ఇదే పదార్థంతో చేసిన ఎక్స్‌రే ఫిల్ములు అంటుకుని 123 మంది చనిపోయారు. చాలామందిని చంపింది మంట కాదు, పొగ. కొందరు నడిచి బయటికి వచ్చి, బాగానే ఉన్నామని చెప్పి, గంటల తర్వాత పోయారు. ఆ వాక్యం చదివినప్పుడు అర్జెంట్ కేర్‌లో నేనన్న మాట గుర్తొచ్చి ఫోను పక్కన పెట్టేశాను. 2003 జనవరిలో పుణేలో మన పాత నైట్రేట్ సినిమా రీళ్ళు కాలిపోయాయి. అప్పట్లో పేపర్లో చదివి అయ్యో అనుకున్నాను. అదే పదార్థాన్ని ఇరవై ఏళ్ళ తర్వాత ఒళ్ళో పెట్టుకుని వేడి చేశాను.

మే నెలలో కట్లు విప్పాక, షెల్‌ని పట్టుకుని ఒక డ్రమ్ముల రిపేరు పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. నలభై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న మనిషి. ఆయన నా చెయ్యి ముందు చూశాడు, తర్వాత షెల్ చూశాడు. మూడో వంతు ర్యాపు పోయింది. దాని కింద మేపుల్ నల్లగా మాడింది, కాని లోతుగా కాలలేదు. తోలు ఆనే అంచు కూడా ఒకచోట తప్ప బాగానే ఉంది. మిగిలిన రేకు ఊడదీసి మొత్తం కొత్త ర్యాపు చుట్టించమంటారా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. మిగిలిన దాన్ని కాపాడు, కాలిన చోటు కాలినట్టే ఉండనీ అన్నాడు. తన దగ్గరికి రాకముందే గన్ పట్టుకున్నందుకు తిట్టాడు కూడా. ఆ తిట్లు నాకు రావలసినవే.

పద్ధతి ఆయనే చూపించాడు. సబ్బు చుక్క కలిపిన గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి నూలుగుడ్డ, గుండ్రటి అంచు ప్లాస్టిక్ పలక, గోరు. ఇంకేమీ వద్దు. గుడ్డ తడిపి పెయింటు మీద పది నిమిషాలు పరిచి, తీసి, అంచు దగ్గర గోటితో లేపడం. అది గోడల పెయింటు, నున్నటి సెల్యులాయిడ్‌ని గట్టిగా పట్టుకోలేదు. ఓపిక ఉంటే వస్తుంది. నీరు రేకు అంచులోంచి చెక్కలోకి దిగకుండా ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవాలి. తలుపులు తెరిచి, ఎండలో కాకుండా నీడలో. నేను రోజుకి అరగంట చేశాను. కొన్ని రోజులు చిన్న నాణెమంత మేర, కొన్ని రోజులు అదీ లేదు. మే చివర మొదలుపెడితే అక్టోబరుకి అయింది. హీట్ గన్‌తో పావుగంటలో వచ్చిన మేర చేత్తో పదకొండు రోజులు పట్టింది. చివర్లో ప్లాస్టిక్ పాలిష్ ఒక్క పూత. పసుపుని తెల్లబరచాలని చూడలేదు, అది దాని వయసు. లగ్‌ల నికెల్ పూత కూడా మితిమీరి తోమలేదు, తోమితే కింది లోహం బయటపడుతుంది.

వాన రోజుల్లో గుడ్డతో రుద్దుతుంటే ఆ కర్పూరం వాసన మళ్ళీ వచ్చేది. నా చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేసేది. మా ఇంట్లో ఇప్పుడు హారతికి కర్పూరం వెలిగించడం నా భార్యే చేస్తుంది. నేను గది గుమ్మం దగ్గర నిలబడతాను.

డ్రమ్ముకి దూడతోలు వేయించాను, మొదట దానికి ఉన్నది అదే. మాడిన వైపు నాకేసి తిప్పుకుని వాయిస్తాను. నాన్న నేర్పిన ఎడమ చేతి పట్టు నాకిక కుదరదు. ఉంగరపు వేలు కర్రకి ఆనదు. రెండు చేతులా సుత్తిపట్టే పడుతున్నాను.

మీ ఇంట్లో తాతల నాటి డ్రమ్ము ఉండవచ్చు, ముత్యపు మెరుపున్న అకార్డియన్ ఉండవచ్చు, చిన్నప్పటి బొమ్మో దువ్వెనో ఉండవచ్చు. వేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే దానికి ఏ వేడీ చూపించకండి, ఇస్త్రీపెట్టె గాని, హెయిర్ డ్రయ్యర్ గాని, ఎండలో నిలిపిన కారు గాని. వాసన రాకపోయినా, పాతదైతే అదే జాగ్రత్త పాటించండి. ఎప్పుడైనా అలాంటిది కాలి ఆ పొగ పీలిస్తే, ఒంట్లో బాగున్నా సరే, ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళండి. ఏం కాలిందో, పొగ ఏ రంగులో ఉందో డాక్టరుకి చెప్పండి.