రెసీఫె నగరపు బురదపాట

బ్రెజిలు దేశపు ఈశాన్యతీరమున, కాపిబరీబె నది సముద్రమును గలియుచోట, రెసీఫె నగరమును మేము చూచితిమి. మన కోరంగియందువలెనే అచ్చటను మడచెట్లు, బురద, పీతలు. ఆ మడలను పూడ్చి నగరము పెరిగెను. బీదలు పీతలను బట్టి పొట్ట పోసికొనిరి. లోకులు రోసిన యా బురదనే 1990 తరువాత కొందఱు యువకులు తమ కీర్తిపతాకగా నెత్తిరి. షికో సైన్సును, ఆతని నసావ్ జుంబీ మేళమువారును, బానిసలుగా దేబడిన ఆఫ్రికావారి సంతతి కాపాడిన మరకటూ డోళ్ల దరువును రాక్ సంగీతపు గిటారుతో జోడించిరి. 1994లో వెలువడిన వారి మొదటి పాటల సంపుటి పేరునకు ‘బురదనుండి కల్లోలమునకు’ అని యర్థము. 1997లో కారు ప్రమాదమున షికో 30 ఏండ్లకే గతించెను. మేళము మాత్రము మూగవోలేదు.

సోదరీమణులారా! పద్మమునకు బురదయే పుట్టిల్లని మనము చదువుకొంటిమి. పుట్టింటిని దాచుకొనని పాటను మేమచ్చట వింటిమి.