ఎడింబరోలో పెళ్ళిళ్ళ భాండారం

ఎడింబరో నగరపు ప్రధాన వీథి ప్రిన్సెస్ స్ట్రీట్. దాని తూర్పు కొనలో, గుర్రంపై స్వారీ చేస్తున్న వెల్లింగ్టన్ ప్రభువు కంచు విగ్రహం వెనుక ఒక గంభీరమైన రాతి భవనం ఉన్నది. ప్రసిద్ధ వాస్తుశిల్పి రాబర్ట్ ఆడం రూపకల్పన చేసిన ఈ రిజిస్టర్ హౌస్‌కు 1774లో శంకుస్థాపన జరిగినది. సమీపంలోనే వేవర్లీ రైల్వే స్టేషను. రైలు దిగి కోటను చూడబోయే యాత్రికులలో పలువురు ఈ భవనాన్ని తలయెత్తి అయినా చూడరు. కాని కెనడా నుండి, ఆస్ట్రేలియా నుండి, న్యూజీలాండ్ నుండి వేల మైళ్ళు ప్రయాణించి వచ్చినవారు కొందరు తిన్నగా ఈ మెట్లే ఎక్కుతారు. వారికి కావలసినది కోట కాదు. ఒక పెళ్ళి తేదీ.

పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాలలో లక్షలాది స్కాట్లాండు ప్రజలు స్వదేశం విడిచిపోయారు. గొర్రెల మేతకోసం భూస్వాములు ఖాళీ చేయించిన కొండపల్లెల నుండి కొందరు, పని దొరకని పట్టణాల నుండి కొందరు ఓడలెక్కారు. వారి మునిమనుమల చేతిలో మిగిలినవి సాధారణంగా ఒక పాత బైబిలు అట్ట మీద వ్రాసిన పేర్లు, ఎవరో చెప్పగా విన్న ఒక ఊరిపేరు. ఆ కొద్దిపాటి ఆధారంతో వంశమూలాన్ని వెదకేవారికి పుట్టుక కంటె, చావు కంటె పెళ్ళి పద్దు ఎక్కువ మేలు చేస్తుంది. అది రెండు కుటుంబాలు కలిసిన చోటు. అక్కడినుండి దారి రెండుగా చీలుతుంది.

మూడు రంగుల పుస్తకాలు

రిజిస్టర్ హౌస్‌ను ఆనుకొని న్యూ రిజిస్టర్ హౌస్ ఉన్నది. 1860ల తొలినాళ్ళలో వెలసిన ఈ భవనం నడుమ ఎత్తయిన గుమ్మటం. దాని క్రింద గోడల వెంట అంతస్తులు అంతస్తులుగా ఇనుప వసారాలు, వాటినిండా గ్రంథాలు. ఎర్ర అట్టవి జననాలు, నల్ల అట్టవి మరణాలు, ఆకుపచ్చ అట్టవి వివాహాలు. ఒక జాతి జీవితమంతా మూడు రంగులలో ఒకే గదిలో అమరి ఉన్నది.

ప్రభుత్వమే ఈ లెక్కలు వ్రాయడం 1855 జనవరి 1న ఆరంభమైనది. స్కాట్లాండు వివాహ పద్దులో వధూవరుల వయస్సు, వృత్తి, నివాసాలతో పాటు ఇరువురి తలిదండ్రుల పేర్లూ ఉంటాయి. తల్లి పుట్టింటి పేరు కూడా విడిగా వ్రాస్తారు. ఆ దేశపు దస్తావేజులలోను, సమాధి ఫలకాల మీదను భార్య తన పుట్టింటి పేరును కోల్పోదు. పెళ్ళితో ఇంటిపేరు మారి, రెండు తరాలు గడిచేసరికి అమ్మమ్మ పుట్టింటివారెవరో మరచిపోయే తెలుగు కుటుంబాలకు ఈ పద్ధతి విలువ వెంటనే బోధపడుతుంది. ఒక్క పద్దుతో నాలుగు వంశాల కొసలు చేతికందుతాయి.

తొలి సంవత్సరమైన 1855 పద్దులు మరీ సమగ్రమైనవి. వధూవరుల జన్మస్థలాలు, పూర్వవివాహాల వివరాలు కూడా అందులో అడిగారు. ఇంత వ్రాయడం గుమాస్తాలకు భారమైనందున మరుసటి ఏటికే కొన్ని గడులు తొలగించారు. ఆ ఒక్క సంవత్సరంలో తమ పూర్వీకుల పెళ్ళి జరిగి ఉంటే, వంశచరిత్ర పరిశోధకులు దానిని మహాభాగ్యంగా భావిస్తారు.

మూడు ఆదివారాల చాటింపు

1855కు పూర్వం ఈ పని చర్చిది. సుమారు 900 పారిష్‌లకు చెందిన 3,500 దాకా పాత రిజిస్టర్లు మిగిలి ఉన్నాయి. వాటిలో అతి పురాతనమైనది పెర్త్‌షైర్‌లోని ఎరల్ గ్రామానిది. అది 1553లో మొదలవుతుంది. అన్ని ఊళ్ళకూ ఆ అదృష్టం లేదు. కొండసీమలలోను, దీవులలోను అనేక రిజిస్టర్లు రెండువందల ఏళ్ళు ఆలస్యంగా ప్రారంభమైనాయి. కొన్ని చెమ్మకు చివికిపోయాయి. కొన్నింటిలో ఏళ్ళకేళ్ళు ఖాళీ. పద్దు వ్రాసే గుమాస్తా తరచు ఆ ఊరి బడిపంతులే. ఆయన శ్రద్ధను బట్టి పద్దు, ఆయన చెవిని బట్టి పేరులోని అక్షరాలు. అందుకే ఒకే కుటుంబం పేరు మూడు నాలుగు విధాలుగా కనబడుతుంది.

పైగా, ఆ పుస్తకాలలో ఉన్నది చాలాచోట్ల పెళ్ళి కాదు, పెళ్ళి చాటింపు. మూడు ఆదివారాలు చర్చిలో వధూవరుల పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవారు చెప్పవచ్చునని ప్రకటించేవారు. పెళ్ళి తప్పక జరుపుకొంటామన్న హామీగా కొంత సొమ్ము ధరావతు ఉంచాలి. వధువు ఒక ఊరిది, వరుడు మరొక ఊరివాడు అయితే రెండుచోట్లా చాటింపు వేయాలి. కనుక రెండు ఊళ్ళ పుస్తకాలూ చూసినవానికే పూర్తి విషయం తెలుస్తుంది. చాటింపు కనబడినంత మాత్రాన పెళ్ళి జరిగిందని నిశ్చయించడానికీ లేదు.

పేదరికం కూడా పద్దులను తినివేసినది. 1783లో ప్రభుత్వం ప్రతి పద్దుకూ మూడు పెన్నీల పన్ను విధించినది. నిరుపేదలకు మినహాయింపు ఉన్నప్పటికీ, అనేకులు పన్నుకు వెరచి పేరు వ్రాయించుకొనడమే మానుకొన్నారు. 1794లో పన్ను రద్దయినది. ఆ పదకొండేళ్ళ పద్దులను వెదకేవారు నేటికీ ఆ లోటును అనుభవిస్తున్నారు.

మాటతో ముడిపడిన పెళ్ళి

స్కాట్లాండు చట్టంలో ఒక విశేషం ఉండినది. స్త్రీ పురుషులిద్దరూ ఒకరినొకరు భార్యాభర్తలుగా అంగీకరిస్తున్నామని చెప్పుకొంటే చాలు, అది పెళ్ళే. పురోహితుడు అక్కరలేదు, పుస్తకం అక్కరలేదు. 1754 నుండి ఇంగ్లండులో ఇరవైయొక్క ఏళ్ళు నిండనివారి పెళ్ళికి తలిదండ్రుల సమ్మతి అవసరమైనది. దానితో ప్రేమికులు సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్ గ్రామానికి పరుగెత్తసాగారు. అక్కడ కమ్మరి కొలిమి వద్ద జరిగిన పెళ్ళిళ్ళ లెక్కలను జరిపించినవారు తమ ఇష్టం వచ్చినట్లు వ్రాసుకొన్నారు. వధూవరులలో ఒకరైనా ముందుగా 21 రోజులు స్కాట్లాండులో నివసించి ఉండాలని 1856లో చట్టం వచ్చినది. మాటతో జరిగే ఇటువంటి పెళ్ళిళ్ళు 1940లో అంతమైనాయి.

ఈ సౌలభ్యం వెనుక స్త్రీకి ఒక ప్రమాదం పొంచి ఉండేది. ఆడిన మాటను పురుషుడు కాదంటే ఆమెకు సాక్ష్యమేది? మహాకవి రాబర్ట్ బర్న్స్ జీవితమే ఇందుకు ఉదాహరణ. 1786లో ఆయన జీన్ ఆర్మర్‌ను భార్యగా అంగీకరిస్తూ ఒక కాగితం వ్రాసి ఇచ్చాడు. తాపీమేస్త్రీ అయిన ఆమె తండ్రికి ఆ సంబంధం నచ్చలేదు. న్యాయవాది చేత ఆ కాగితంలోని పేర్లను కత్తిరింపజేశాడు. గర్భవతియైన జీన్‌ను పొరుగూరికి పంపించాడు. బర్న్స్ చర్చిలో జనం ఎదుట నిలబడి మందలింపు పొంది, బ్రహ్మచారిగా ధ్రువపత్రం తీసుకొన్నాడు. ఆ సెప్టెంబరులో జీన్ కవలలను కన్నది. రెండేళ్ళ తరువాత ఇరువురూ మళ్ళీ కలిశారు. 1788 ఆగస్టు 5న మాక్లిన్ చర్చి పెద్దల సభ వారిని మందలించి, భార్యాభర్తలుగా అంగీకరించినది. బర్న్స్ పేదల నిధికి ఒక గినీ సమర్పించాడు.

ఆ తీర్మానం ఉన్నది చర్చి పెద్దల సభ మినిట్స్ పుస్తకంలో. వివాహ రిజిస్టరులో పేరు కనబడక నిరాశపడినవారు తరువాత తెరవవలసినవి ఈ మినిట్స్ పుస్తకాలే. పెళ్ళి కాని తల్లులను, చాటింపు లేకుండా కాపురం పెట్టినవారిని సభ ముందుకు పిలిచి ప్రశ్నించి, జవాబులు వ్రాసుకొనేవారు. సంతకం రాని పల్లెపడుచు ఏమన్నదో, ఎవరి పేరు చెప్పినదో అందులో ఉంటుంది. సిగ్గుపరచడానికి వ్రాసిన ఆ పుటలే నేడు ఆమె ఉనికికి మిగిలిన ఏకైక సాక్ష్యం.

సముద్రాలు దాటిన పద్దులు

భారతదేశానికి వచ్చిన స్కాట్లాండు వారి పెళ్ళిళ్ళకు వేరే చోట వెదకాలి. మద్రాసు మొదలైన ప్రెసిడెన్సీల చర్చి పద్దుల నకళ్ళు లండనుకు పోయాయి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. తెలుగు గ్రామాల కైఫియత్తులను వ్రాయించి భద్రపరచిన కాలిన్ మెకంజీ లూయిస్ దీవిలోని స్టోర్నొవేలో జన్మించాడు. ఆయన వివాహం 1812లో జావాలో ఒక డచ్చి వనితతో జరిగినది. వేల గ్రామాల పుట్టుపూర్వోత్తరాలు సేకరించిన ఆ మనిషి పెళ్ళి కబురు కావాలంటే, జన్మించిన దీవిని వదలి సముద్రాలు దాటి వెదకవలసి ఉంటుంది.

నేడు ఎడింబరోలో పాత గ్రంథాలను చేతికివ్వరు. వాటి ప్రతిబింబాలు కంప్యూటరు తెర మీద కనిపిస్తాయి. 75 ఏళ్ళు దాటిన వివాహ పద్దులను ఇంటినుండే చూడవచ్చు. చర్చి సభల మినిట్స్ కూడా 2021 నుండి ఆ విధంగానే అందుబాటులోకి వచ్చాయి. అయినప్పటికీ దూరదేశాల నుండి వచ్చేవారు గుమ్మటం క్రిందికి వచ్చి కొంతసేపు నిలబడతారు. ఆ ఆకుపచ్చ అట్టలలో ఏదో ఒకదానిలో, వ్రాయడం రాని ఒక పెళ్ళికూతురు తన పేరు ప్రక్కన పెట్టిన ఇంటూ గుర్తు ఉన్నది. ఆ గుర్తు తమ ముత్తవ్వదని తెలిసినవారికి మరే శాసనమూ అక్కరలేదు.