పామర్‌స్టన్ దీవి

పసిఫిక్ మహాసముద్రమున, కుక్ దీవులలో, పామర్‌స్టన్ అను పగడపు దీవి కలదు. 1863లో విలియం మార్‌స్టర్స్ అను ఆంగ్లేయుడు అచ్చట కాపురము పెట్టి, మువ్వురు పాలినీసియా భార్యల సంతతికి భూమిని మూడు పాళ్లుగా పంచెను. బహుభార్యాత్వమును మేము మెచ్చము. అయినను ఏ శాఖవారును తమ శాఖలో పెండ్లియాడరాదను అచ్చటి కట్టుబాటును తలచినప్పుడు, మేనరికములు మానలేని మేము కొంత సిగ్గుపడితిమి.

విమానము దిగు చోటు లేదు. ఏటికి కొన్నిమారులే వచ్చు ఓడ పగడపు గట్టునకు వెలుపలనే నిలువ, జనులు పడవలపై పోయి సరకు దింపుకొందురు. చిలుకచేపలను గడ్డకట్టించి రారొటొంగాకు పంపుట వారికి జీవనము. ఊరి జనము కొలది పదులే. పెద్దచదువులకు ఓడనెక్కిన పిల్లలందరును తిరిగిరారు. ఆ బడిపంతులము మేమే యైనచో? ఎక్కుమనియే చెప్పుదుము, ఓడ కనుమరుగగువరకు రేవున నిలుచుందుము.