తప్పు అమ్మ నీళ్ళది కాదు

ఈరోజు పంట సంగతి కాదు, మా వీధి గుమ్మం సంగతి.

మా నాన్న కట్టిన ఇంటికి వేప ద్వారబంధం. పోయిన వానాకాలం చూద్దును కదా, ఎడమ కాలు అడుగున రంగు ఉబ్బి ఉంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే రెండంగుళాలు దిగిపోయింది. చెదమట్టి ఎక్కడా లేదు. చెక్క నల్లబడి, మెత్తగా చేతికి ఊడొస్తోంది. అంటే కుళ్ళు.

వెంటనే అమ్మ మీద పడ్డాను. "వారం వారం బిందెడు నీళ్ళు పోసి గడప కడుగుతావు, అందుకే ఇలా అయింది" అని. ఆవిడ ఏమీ అనలేదు. ఆ శుక్రవారం నుంచి గడప తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి ఊరుకుంటోంది.

వడ్రంగి వచ్చి చూసి ఒకటే అడిగాడు. "ఈ గచ్చు ఎప్పుడేయించారు బాబాయ్?"

8 ఏళ్ళ కింద నేనే వేయించాను. వసారా ఎత్తు పెంచి, ద్వారబంధం కాళ్ళు సిమెంటులో పూడ్చేశాం. అంతకుముందు అవి రాతి మీద ఉండేవి. తడిసినా ఆరిపోయేవి. ఇప్పుడు సిమెంటుకీ చెక్కకీ మధ్య సందులో దిగిన నీరు ఆరదు. చెక్క కోసిన కొస ఆ నీటిని వత్తిలా పైకి పీలుస్తుంది. తేమ 20 శాతం దాటి అలాగే నిలిస్తే శిలీంధ్రం పడుతుంది, మన పైర్లకు పట్టినట్టే. అమ్మ 30 ఏళ్ళు కడిగినా చెక్కుచెదరని చెక్క, నా సిమెంటుకి 8 ఏళ్ళలో పోయింది.

ద్వారబంధం మొత్తం మార్చలేదు. సంక్రాంతి వెళ్ళి చెక్క బాగా ఆరాక, కుళ్ళు దాటి గట్టి చెక్క వచ్చేదాకా ఏటవాలుగా కోసి, చేవ ఉన్న పాత వేప ముక్క అతికి, జిగురుతో, స్క్రూలతో బిగించాడు. అడుగు కొసకి రెండు పూతలు ప్రైమర్ వేశాకే నిలబెట్టాడు. కాళ్ళ చుట్టూ సిమెంటు పగలగొట్టి, కింద రాతి పలక పెట్టి, గచ్చు బయటికి వాలు చేశాం.

మీరూ వానలు పడకముందే ద్వారబంధం అడుగున ఒకసారి పొడిచి చూడండి. తడి చెక్క మీద మాత్రం రంగు వేయకండి, తేమ లోపలే ఉండిపోతుంది.

మొన్న శుక్రవారం బిందెతో నీళ్ళు నేనే తెచ్చి గడప దగ్గర పెట్టాను. అమ్మ నా మొహంలోకి చూసి, "పొయ్యనా?" అంది.

"పొయ్యమ్మా" అన్నాను.