ఎవరు ఫస్టు, చిన్నమ్మమ్మా?

ఎడిసన్, న్యూజెర్సీ
అక్టోబరు

అక్కా,

తమ్ముడూ మరదలూ కులాసా. నా మోకాళ్ళకి మాత్రం ఇక్కడి చలి ఇంకా అలవాటు కాలేదు. ఫోన్లో రోజూ మాట్లాడుకుంటున్నా ఉత్తరమే రాయాలని పట్టుబట్టావు కాబట్టి రాస్తున్నా. నీ మనవరాలు బుజ్జి అడిగిన ప్రశ్న మర్చిపోలేదని చెప్పు. "అమెరికా హైస్కూలు ఆడపిల్లల్లో అందరికంటే బాగా పరిగెత్తేదెవరు, చిన్నమ్మమ్మా?" అని కదా అడిగింది. ఇన్నేళ్ళు పీఈటీగా విజిల్ ఊదినదాన్ని, వారంలో తేల్చేస్తాననుకున్నాను. చూడబోతే ఇది అంత తేలిగ్గా తెగే లెక్క కాదు.

మొన్న శనివారం మేనకోడలి పోటీ ఉంటే హోమ్‌డెల్ పార్కుకి వెళ్ళాం. మన జోనల్ మీట్ అంటే సున్నం గీతలు, 400 మీటర్ల రౌండ్లు, చెట్టు కింద స్టాప్‌వాచీ పట్టుకుని మనం. క్రాస్ కంట్రీలో ట్రాకే ఉండదు. గడ్డి, మట్టి, చెట్ల వేళ్ళు, ఎత్తుపల్లాలు, అన్నీ కలిపి ఐదు కిలోమీటర్లు. హోమ్‌డెల్లో పరుగు మొదలవడమే ఎగువకి. మధ్యలో "బౌల్" అని ఒక పల్లం ఉంది. జారినట్టు దిగాలి, దిగిన ఊపు చాలక మళ్ళీ నిటారుగా ఎక్కాలి. తల్లిదండ్రులంతా దాని గట్టు మీదే చేరతారు, పిల్లలు కష్టపడేది అక్కడే కాబట్టి. ఒక పిల్లకి బురదలో షూ ఊడిపోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు, సాక్సుతోనే ఎక్కేసింది. వాళ్ళమ్మ ఆ షూ చేత్తో పట్టుకుని గట్టు మీద పిల్లతో పాటు పరుగు! నవ్వొచ్చింది గానీ, మన ఊళ్ళో పిల్ల పరుగు చూడ్డానికి వచ్చిన తల్లుల్ని ఎంతమందిని చూశానో గుర్తు తెచ్చుకుంటే ఆ నవ్వు నిలవలేదు.

స్కోరు వేసే పద్ధతి నాకు భలే నచ్చింది. జట్టుకి ఏడుగురు పరిగెడతారు, మొదటి ఐదుగురి స్థానాలు కూడతారు, ఎవరి మొత్తం తక్కువైతే వాళ్ళదే గెలుపు. ఆరో పిల్లా ఏడో పిల్లా లెక్కలోకి రారు గానీ, అవతలి జట్టు పిల్లల ముందు దూరితే వాళ్ళ అంకె పెరుగుతుంది. గడియారానికి ఇందులో పనే లేదు, ఎవరి ముందు ఎవరొచ్చారన్నదే లెక్క. ఇంతా చేసి, పోటీ అయ్యాక టెంటుల దగ్గర నారింజ తొనలు తింటూ తండ్రులు మాట్లాడుకునేదంతా టైముల గురించే.

మన పిల్ల జూనియర్ వర్సిటీలో, అంటే రెండో జట్టు పోటీలో, నడిమధ్యన వచ్చింది. అన్నం రెండుసార్లు పెట్టించుకుంది.

బ్రాంక్స్, న్యూయార్క్
అక్టోబరు చివర

అక్కా,

వన్ నంబరు రైలు ఎక్కి చివరి స్టేషన్ 242వ వీధిలో దిగితే ఎదురుగా వాన్ కోర్ట్‌లాండ్ పార్కు. వందేళ్ళకు పైగా ఇక్కడ క్రాస్ కంట్రీ పోటీలు జరుగుతున్నాయి. ముందు చదును మైదానం, తర్వాత కౌపాత్ అనే బాట, హైవే మీద వంతెన, వెనక గుట్టలు, తిరిగి అదే వంతెన. మైదానంలో క్రికెట్ పిచ్‌లు కూడా ఉన్నాయి. మనవాళ్ళ అరుపులు ఏ ఊళ్ళో అయినా ఒకటే.

ఇప్పుడు బుజ్జి ప్రశ్నకి వస్తా. ఇక్కడికి ఉత్తరంగా, హడ్సన్ నదికి అవతలి ఒడ్డున రాక్‌లాండ్ కౌంటీ. అక్కడి నార్త్ రాక్‌లాండ్ హైస్కూలు పిల్ల కేట్లిన్ టూహీ. పోర్ట్‌లాండ్‌లోని గ్లెన్‌డోవీర్ గోల్ఫ్ కోర్సులో డిసెంబరులో నైకీ క్రాస్ నేషనల్స్ జరుగుతాయి. 2017లో, పదో తరగతిలో ఉండగా, అక్కడ 16:44.7లో ఐదు కిలోమీటర్లు పరిగెత్తి సుమారు 40 సెకన్ల తేడాతో గెలిచింది. జాతీయ పోటీలో 40 సెకన్లంటే నువ్వే ఊహించుకో. వెనకనున్న పిల్లకి ముందున్న పిల్ల వీపు కూడా కనబడదు. 2018లో 16:37.8. 2019లో మళ్ళీ గెలిచింది, కానీ 17:18.4లో. ఆ పోటీలో మూడుసార్లు గెలిచినవాళ్ళు అంతకుముందు ఆడపిల్లల్లోనూ లేరు, మగపిల్లల్లోనూ లేరు.

ఇప్పుడు చెప్పు, మూడో ఏడు ఆ పిల్ల తగ్గిందా? గడియారాన్ని అడిగితే 40 సెకన్లు వెనకబడిందంటుంది. ముందు ఎవరొచ్చారని అడిగితే ఆమే. తర్వాత 2022లో కాలేజీ జాతీయ టైటిల్ కూడా తెచ్చుకుంది.

ఈ చిక్కు విప్పడానికి న్యూయార్క్‌లో బిల్ మేలన్ అనే ఆయన "స్పీడ్ రేటింగ్" అని ఒక లెక్క తయారుచేశాడు. ఒక పాయింటంటే ఐదు కిలోమీటర్లలో మూడు సెకన్లు. ఒకే నేల మీద ఒకే రోజు పరిగెత్తిన పిల్లలందరూ వేరే పోటీల్లో ఎలా పరిగెత్తారో చూసి, ఆ రోజు నేల ఎంత బరువుగా ఉందో తేల్చి, దాని ప్రకారం టైముని సవరిస్తాడు. గుర్రప్పందేల్లో గుర్రాలకి వేసే అంకెల పద్ధతే ఇది. పదిహేనేళ్ళ ఆడపిల్లలకి గుర్రాల లెక్కేమిటని మరదలు ముఖం చిట్లించింది. నాకు మాత్రం తప్పనిపించలేదు. వానలో బురద తొక్కిన పిల్లని, ఎండలో చదును మీద పరిగెత్తిన పిల్లతో పోల్చి వెనక్కి నెట్టడం కన్నా ఇది న్యాయమే కదా. మన జిల్లా సెలెక్షన్లలో ఈ సవరణ ఒక్కటి ఉంటే ఎంతమంది పిల్లలు ముందుకొచ్చేవాళ్ళో.

శాన్ డియేగో, కాలిఫోర్నియా
నవంబరు

అక్కా,

థాంక్స్‌గివింగ్ సెలవులకి మరదలి వాళ్ళన్నయ్య ఇంటికొచ్చాం. ఇక్కడ చలి లేదు, మోకాళ్ళు మాట వింటున్నాయి. పొద్దున్నే బాల్బోవా పార్కులోని మోర్లీ ఫీల్డుకి నడిచాను. 1979లో మొదలైన మరో జాతీయ పోటీ ఎక్కువ ఏళ్ళు జరిగింది ఇక్కడే. స్పాన్సర్ మారినప్పుడల్లా పేరు మారింది, మొదట కిన్నీ, తర్వాత ఫుట్ లాకర్. ఇక్కడ ఒకే గుట్టని రెండుసార్లు ఎక్కాలి. నేను ఒక్కసారి ఎక్కి, పైన బెంచీ వెతుక్కున్నాను.

కొలరాడోలోని బౌల్డర్ పిల్ల మెలొడీ ఫెయిర్‌చైల్డ్ 1989లో, 1990లో వరసగా గెలిచింది. రెండోసారి 16:39.5. దశాబ్దాలపాటు ఎంతమంది వచ్చినా ఈ నేల మీద ఆ టైము చెరగలేదు. కొన్నేళ్ళు ఈ పోటీ ఫ్లోరిడాలోని ఆర్లాండోకి వెళ్ళింది. అక్కడ 2001లో ఆంబర్ ట్రాటర్ 16:24 పరిగెత్తింది. అంకె చూస్తే ట్రాటరే మేటి. కానీ ఆర్లాండో చదును, ఇది గుట్ట. ఇక పోర్ట్‌లాండ్‌లో టూహీ పెట్టిన కోర్సు రికార్డుని 2024లో యూటాలోని ప్రోవో పిల్ల జేన్ హెడెన్‌గ్రెన్ 16:32.7తో తుడిచేసింది. అదే నేల మీద జరిగింది కాబట్టి ఆ ఒక్క పోలిక కొంచెం నిలుస్తుంది. వాన సంగతి అప్పటికీ ఉండనే ఉంది.

బుజ్జికి చెప్పేముందు నీకు ఒక్క మాట. ఇక్కడ జోర్డన్ హసే 2005లో తొమ్మిదో తరగతిలోనే గెలిచింది. మళ్ళీ గెలిచింది పన్నెండో తరగతిలో, 2008లో. మధ్యలో రెండేళ్ళు టైటిల్ ఇతరులది. ఆడపిల్లల్లో ఇది మామూలే. ఒళ్ళు మారే వయసులో తుంటి వెడల్పవుతుంది, బరువు పెరుగుతుంది, కొంతకాలం టైములు నిలిచిపోతాయి, ఒక్కోసారి వెనక్కి కూడా పోతాయి. అదే వయసులో మగపిల్లల టైములు మెరుగవుతూనే ఉంటాయి. ఈ తేడా తెలియని కోచ్ పిల్లని పోయినేటి పిల్లతోనే పోల్చి తిండి తగ్గించమంటాడు. తిండి తగ్గితే నెలసరి ఆగుతుంది, ఎముకలో సన్నటి పగుళ్ళొస్తాయి. లారెన్ ఫ్లెష్‌మన్ అనే పరుగుల మనిషి 2023లో ఈ సంగతి మీదే ఒక పుస్తకం రాసింది. ఇక్కడ ఆ వయసులో పిల్లని బక్కచిక్కిస్తారు, మన దగ్గర ఏకంగా గ్రౌండు మాన్పిస్తారు. మీ అల్లుడుగారు వచ్చే ఏటి నుంచి బుజ్జికి ప్రాక్టీసు వద్దంటున్నారని మొన్న ఫోన్లో అన్నావు చూడు, ఆ మాట నాకు నచ్చలేదు. ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించు. నేనే చదివించమన్నానని చెప్పు.

బుజ్జికి నా జవాబు: టూహీ. ఒక్క పరుగు చూసి చెప్పాలంటే ఫెయిర్‌చైల్డ్ అనేదాన్ని, ఈ గుట్ట ఎక్కాక అనిపించిన మాట అది. కానీ ఏడు మారినా ఒళ్ళు మారినా ముందుండడం పెద్ద విషయం నా లెక్కలో. హెడెన్‌గ్రెన్ పేరు చెప్పి పోట్లాడితే పోట్లాడనీ, వచ్చాక తేల్చుకుంటాం.

స్పైక్ షూలు ఇక్కడ తగ్గింపు ధరలో ఉన్నాయి. బుజ్జి పాదం సాయంత్రంపూట, సాక్సులు తొడిగి, మడమ నుంచి బొటనవేలి చివరదాకా సెంటీమీటర్లలో కొలిచి రాయి. రెండు పాదాలూ కొలవాలి, కుడిది కొంచెం పెద్దదని గుర్తు.

నీ చెల్లి