వాసన వచ్చిన వేళ

గ్యాసు పేరెత్తగానే మా కోనసీమలో పాశర్లపూడి జ్ఞాపకం వస్తుంది. 1995 జనవరిలో అంటుకున్న ఆ బావి 65 రోజులు మండింది. నన్ను ఎక్కువగా వెంటాడేది మాత్రం అదే మామిడికుదురు మండలంలోని నగరం గ్రామం. 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ గొట్టం నుంచి వెలువడిన వాయువు ఇళ్ళ మధ్యకు పాకి, నిప్పు తగిలి భగ్గుమంది. 20 మందికి పైగా మరణించారు. వాయువుతో వచ్చిన నీరు గొట్టాన్ని లోలోపలే తినేసిందట.

గొట్టం బాగోగులు సంస్థవే. అయితే వాసన తగిలినప్పుడు పొయ్యి వెలిగించరాదనీ, లైటు స్విచ్చి ముట్టరాదనీ, గాలివాలుకు అడ్డంగా నడిచిపోవాలనీ ఇల్లాలికి ముందే తెలియాలి కదా!

ఈ ముందుమాట కరువు గొట్టాలకే పరిమితం కాదు. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో నిల్వ ఉంచిన స్టైరీన్ వేడెక్కి ఆవిరైంది. కర్మాగారంలో సైరన్లున్నాయి; మోగలేదు. వెంకటాపురం నిద్రలో ఉంది.